ప్రధాని అడిగిన చింతపండు

చింతపండు గుజ్జు దగ్గరపడి, వేయించిన మెంతిపొడి అందులో కలిసి, పైన వేరుశనగ నూనె తేలేటప్పుడు వచ్చే వాసన పొద్దుటినుంచి మా తిరుపతి ఇంట్లో హాలు దాటి మెట్లదాకా పాకింది. ఎదురింటావిడ తలుపు తీసి "ఏమ్మా, ఏం విశేషం?" అని అడిగింది. విశేషమేమీ లేదన్నాను గానీ, ఆ వాసన అప్పటికే నన్ను పాకాల స్టేషను వెనక వీధిలో, మా అవ్వ పొయ్యి ముందు కూర్చోబెట్టేసింది.

పాకాల జంక్షను గనక మా చిన్నతనమంతా రైలు కూతలతోనే నడిచింది. చలికాలం వస్తే బొగ్గు పొగా మంచూ కలిసి వీధిలోకి దిగేవి. ఇంటింటా అరుగుల మీద అనపకాయలు ఒలిచి, నానబెట్టిన గింజల్ని వేళ్ల మధ్య పితికి పొట్టు తీసేవాళ్లు. ఆ పితికిపప్పు కూర ఉడుకుతుంటే పిలవకుండానే ఆటలు మానేసి ఇంటికి చేరేవాళ్లం. మా ఆట సామాను కూడా వంటింట్లోంచే వచ్చేది. అవ్వ చింతపండు కొట్టి గింజ తీస్తే, ఆ గింజలన్నీ మా వామనగుంటల్లోకి చేరేవి.

వీధి మొత్తానికి రేడియో మా ఇంట్లోనే ఉండేది. నాయన దానికి అమ్మచేత పూలగుడ్డతో తొడుగు కుట్టించి, దేవుడి పటాలకంటే శుభ్రంగా చూసుకునేవాడు. రేడియో తనది కాబట్టి అందులో వచ్చే ప్రతి మాటకూ అర్థం చెప్పడం తన బాధ్యతేనని ఆయన నమ్మకం, అది ఏ భాషయినా సరే.

ఆ ఏడు యుద్ధం వచ్చింది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, సైన్యంలో ఉండేవాడు. సరిహద్దుకు పంపారని తెలిసిన తరువాత ఆయన దగ్గరనుంచి ఇక కబురే లేదు. అవ్వ మంచం పట్టింది. జబ్బేమీ కాదు, దిగులు. రాగిసంగటి ముద్ద ముందు పెడితే వేలితో నొక్కి వదిలేసేది. పొయ్యి దగ్గరికి రాదు, నన్ను తిట్టదు. అవ్వ తిట్లు వినబడని ఇల్లంటే నాకు భయం వేసేది. చిన్నాయన తిరిగొచ్చేసరికి ఈవిడ ఉంటుందో లేదోనని అమ్మ చాటుగా కళ్లు తుడుచుకునేది.

ఒక సాయంత్రం ప్రధాని ప్రసంగం ఉందంటే వీధి వీధంతా మా అరుగు మీదికి చేరింది. హిందీ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. గరగరల మధ్య ఆ గొంతు నిదానంగా, తడబాటు లేకుండా సాగుతుంటే, పెద్దదిక్కెవరో వచ్చి మా మధ్య కూర్చున్నట్టనిపించింది. లోపల మంచం మీదున్న అవ్వ మాత్రం ఒక మాట పట్టుకుంది.

"రేయ్, చింత చింత అంటాండారే, ఏమంట్రా?"

నాయన గడ్డం గోక్కున్నాడు. తెలియదని చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు.

"చింతపండే మా. మిలిట్రీ వాళ్లకు కావాలంట."

అవ్వ లేచి కూర్చుంది. "కావాలబ్బా, కావాలా! ఆడ దినామూ గోదుమ రొట్టెలే గదా. పులుపు లేక మా సిన్నోడి నోరు సచ్చిపోయుంటాది."

మర్నాడు తెల్లవారగానే అటక మీది కుండ దిగింది. ఉప్పు కలిపి దాచిన పాత చింతపండు, తారులా నల్లగా నిగనిగలాడుతోంది. వీధిలోని ఆడవాళ్లు తలా ఇంత బియ్యం తెచ్చారు; వేరుశనగ గుళ్లు వేగాయి, ఎండుమిరపకాయల ఘాటుకు అందరమూ దగ్గాం, బాదం ఆకుల్లో పులిహోర పొట్లాలు కట్టాం. నేను చింతగింజలు కొంగున మూటగట్టుకుంటున్న అక్కల మధ్య దూరితే, అవ్వ గరిటె ఎత్తి "ఆడేదానికి వచ్చినావా మే, పని సేసేదానికి వచ్చినావా?" అని గట్టిగా తిట్టింది. ఆ తిట్టుకు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. రుచి చూస్తానని అరచేతిలో వేసుకున్న ముద్దను అవ్వ మొత్తం తినేసింది. అది చూసి అమ్మ ముఖం తిప్పుకుని పొయ్యి ఊదింది.

సైనికుల రైలు నీళ్లకోసం ఆగినప్పుడు గంపలతో వెళ్లాం. తమిళం మాట్లాడే సిపాయి ఒకాయన ఆకుతో సహా నాకేసి ఇంకోటి అడిగాడు. అవ్వ ప్రతి కిటికీ దగ్గరా ఆగి "మా సిన్నోడు యాడన్నా కనపడినాడా అప్పా?" అనేది. ఒక ఉత్తరాది కుర్రవాడికి ఆ మాట తెలియలేదు గానీ, అవ్వ ముఖం చూసి సంగతి అర్థమైనట్టుంది. అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదో చెప్పాడు. అందులోనూ అదే మాట, చింత.

"సూడండే, ఈ పిల్లోడు కూడా చింతపండే అడగతాండాడు!" అని అవ్వ గంపలో మిగిలినవన్నీ అతని ఒళ్లో పోసింది.

యుద్ధం ముగిశాక చిన్నాయన సెలవు మీద వచ్చాడు. అరుగు మీద కూర్చుని పులిహోర తింటూ ఈ కథంతా విని, పొలమారేదాకా నవ్వాడు.

"హిందీలో చింతంటే దిగులు మా. దిగులు పడొద్దన్నారు ప్రధాని. ఆ పిల్లోడు గూడా నీకు అదే సెప్పినాడు."

నాయన లేచి, లేని దుమ్మును రేడియో మీదనుంచి తుడవసాగాడు. అవ్వ మాత్రం నొచ్చుకోలేదు. కొడుకు ఆకులో ఇంకో గరిటె వేసి అంది:

"అట్లని తెలిసుంటే నేను లేసేదాన్నే కాదురా. వద్దంటే పోతాదా దిగులు?"

ఇప్పుడు పాకాలలో బొగ్గు ఇంజన్లు లేవు, మా అరుగూ లేదు, పూల తొడుగు రేడియో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. చిన్నాయన మనవడు సైన్యంలో ఉన్నాడు. సరిహద్దులో కాల్పులని వార్తలు. నిన్న సాయంత్రం ప్రధాని ప్రసంగిస్తుంటే ఫోనులో కిందనే తెలుగు అక్షరాలు పరుగెత్తాయి. ధైర్యంగా ఉండమన్నారు. బాగా చెప్పారు కూడా. ప్రతి మాటా అర్థమైంది, దిగులు మాత్రం కదల్లేదు.

అందుకే పొద్దున్నే లేచి చింతపండు నానబెట్టాను. రుచి చూద్దామని అరచేతిలో వేసుకున్న ముద్ద మొత్తం తినేశాను.