మధ్యాహ్నం వయొలిన్ మీద నిషేధం

మా అపార్ట్‌మెంట్లో మధ్యాహ్నం పూట ఎవరూ చప్పుడు చేయకూడదని పోయిన వారం తీర్మానం చేశారు. గురి నా వయొలిన్ పాఠాలే. పట్టుబట్టి చేయించింది మా కింది ఫ్లాట్‌లో ఉండే కిరాణా షావుకారు. గొడవెందుకని పాఠాలు సాయంత్రానికి మార్చేశాను.

ఈ రోజు భోజనాలయ్యాక ఆయనే వచ్చి తలుపు కొట్టాడు.

"మాస్టారూ, మాయమ్మకి నిద్దర పట్టడం నేదండి. మీ వాయింపు ఇనిపిస్తే గానీ కన్ను మూతపడదంట. కూసింత వాయించండి."

"మరి తీర్మానం?"

"అది మిగతా ఓళ్ళకి. మీకేటండి?"

కాదనలేక వయొలిన్ తీశాను. రాగం అందుకున్న కాసేపటికే కింద కిటికీలోంచి గురక వినిపించింది. తల్లిదే కాదు, కొడుకుది కూడా.

ఇన్నేళ్ళ నా సాధనకి ఇది సన్మానమో, అవమానమో మీరే చెప్పండి.