జీడి సొన మీద పడ్డ నింద

మా మనవడి మొహం వాచిన రోజు మా ఇంట్లో నేను అనుమానించని ప్రాణి పిల్లి ఒక్కటే. అది అప్పటికి కొన్నాళ్లుగా ఇల్లు చేరలేదు.

దమ్మపేట అవతల, అడవి అంచున మాకు జీడిమామిడి తోట ఉంది. ఎండాకాలం వచ్చిందంటే వాకిట్లో రేకు పెట్టి గింజలు కాలుస్తాం. ఆ గింజ తొక్కలోని సొన ఒంటికి అంటితే బొబ్బలెక్కుతుంది. దాని మీద నేనొక కథ ఊరంతా చెప్పి ఉన్నాను. మా తోటలోకి వచ్చిన ఎలుగుబంటి పచ్చి గింజ కొరికిందనీ, మూతి బిందెంత అయితే మా గడప ముందుకొచ్చి నీళ్లడిగిందనీ. ఊళ్లోవాళ్లు నవ్వారు. మా ఆవిడ సగం నమ్మింది, ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో నిజంగానే ఒక బిందె కనిపించలేదు.

మా అమ్మాయి ఏడాది నిండని కొడుకుతో వచ్చింది. పిల్లవాడు బక్కగా ఉన్నాడని మా ఆవిడ రాగి జావలో జీడిపప్పు ముద్ద కలిపి పెట్టింది. గిన్నె ఇంకా కడగనే లేదు, వాడి మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. కంటి రెప్ప ఉబ్బింది. తిన్నదంతా కక్కాడు.

"జీడి సొన తగిలింది!" అన్నది మా ఆవిడ. "గింజలు కొట్టిన చేతులతోటే ఎత్తుకున్నవ్ గదా!"

"చేతులు కడుక్కున్ననే."

"నీ మాట నమ్మాలె? ఎలుగుబంటికి నీళ్లు పోసినోనివి!"

కొబ్బరి నూనె రాసి, దవాఖానాకు ఉరికాం. అక్కడ మందు పోశాక సాయంత్రానికి దద్దుర్లు మాయమయ్యాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు అక్కడే అనుమానం పుట్టింది. సొన ఎట్లాంటిదో నా చేతులకు తెలుసు. అది అప్పటికప్పుడు పొంగి అప్పటికప్పుడు పోయే రకం కాదు. మంట పెట్టి, మరునాటికి బొబ్బ లేపి, నల్లబడి, పొరలు పొరలుగా ఊడితే గాని వదలదు. ఇదేమో గిన్నె కడిగేలోపు వచ్చి, పొద్దుగూకేలోపు వెళ్లిపోయింది. పైగా ఆ కక్కడమేంటి? సొన పేరు అడ్డం పెట్టుకొని ఇంకెవరో చేసిన పని ఇది.

ఇక మొదలుపెట్టాను. కొత్తగూడెం నుంచి వియ్యపురాలు పంపిన సబ్బును వాసన చూశాను. రాగి పిండిని మళ్లీ జల్లెడ పట్టాను. పాలు పోసే ఆమెను పట్టుకొని "బర్రెకు ఏం మేపుతున్నవ్?" అని అడిగాను.

"అక్క నీకేం పెడుతదో గదే బావా" అని చెంబు ఊపుకుంటూ పోయింది.

కానీ పాలు వాడికి కొత్త కాదు. రాగి జావ అంతకుముందూ తాగాడు. సబ్బూ పాతదే. ఆ రోజు కొత్తగా నోట్లోకి వెళ్లింది పప్పొక్కటే. ఆ మాట అంటే మా ఆవిడ గరిటె ఎత్తింది. ఊరంతా బలమని తినేదాన్ని నేను విషమంటున్నానట.

కొత్తగూడెంలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఆమె నాకంటే అనుమానపు మనిషి. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎంతసేపటికి వచ్చింది, ఎప్పుడు తగ్గింది అని పోలీసుల్లాగా అడిగింది. రక్త పరీక్ష రాసింది.

"జీడిపప్పు అలర్జీ లాగానే ఉంది. వాంతి కూడా అయింది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. జీడిపప్పు, పిస్తా రెండూ బంద్. కొంచెం పెట్టి చూద్దామని ఇంట్లో అసలే అనుకోవద్దు, మళ్లీ తింటే ఎంత తీవ్రంగా వస్తుందో ఎవరం చెప్పలేం. ఊపిరి ఎగపోసినా, గొంతు బొంగురుపోయినా, సోలిపోయినా, ఆగకుండా దవాఖానాకు తేవాలి" అన్నది. దద్దుర్లకు సిరప్ రాసిచ్చింది.

మా అమ్మాయికి సెలవు అయిపోయింది. పాఠాలు చెప్పడానికి తను బడికి వెళ్తే పగలంతా పిల్లవాణ్ణి చూసేది వాళ్లత్తగారే, అంటే మా వియ్యపురాలు. పిల్లవాణ్ణి వాళ్లింట్లో దించినప్పుడు, డాక్టరమ్మ చెప్పిందంతా విని ఆమె తల ఊపింది. ఆ ఊపడం నాకు నచ్చలేదు. చిల్లర తర్వాత ఇస్తానని బస్సు కండక్టరు ఊపే ఊపు అది.

"ఏమనుకోకుండ్రి అన్నయ్యా. మీరు వాకిట్ల కాల్చిన గింజలు గద, సొన అంటుకునే ఉంటది. మాది షాపుల కొన్న పప్పు. తెల్లగ, సాఫుగ ఉంటది. నా కొడుకు గదే తిని పెరిగిండు."

"డాక్టరమ్మ వద్దన్నది చెల్లెమ్మా."

"అవ్, వద్దన్నది" అని మళ్లీ అదే ఊపు.

నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. మోకాలి నొప్పికి వైద్యమని చెప్పి వియ్యపురాలింట్లోనే మకాం వేశాను. అమ్మాయి బడికి బయల్దేరుతూ "జర కనిపెట్టుకొని ఉండు నాయినా" అన్నది మెల్లగా.

కనిపెట్టుకొనే ఉన్నాను. వియ్యపురాలు వంటింట్లోకి వెళ్తే నాకు దాహమయ్యేది. ఆమె గిన్నె దింపితే నాకు నిప్పు కావలసి వచ్చేది.

"బీడి తాగరు గదా అన్నయ్యా, నిప్పెందుకు?"

"అలవాటు చేసుకుందామని."

ఒకనాడు ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తున్నది. పొయ్యి మీద జావ ఉడుకుతున్నది. పక్కన మిక్సీ జార్, దాని వెనక స్టీలు డబ్బా. మూత తీశాను. నేతిలో దోరగా వేయించిన జీడిపప్పు! ఎవరి కోసం వేయించినట్టు? రుజువు కావాలి కదా, ఒకటి నోట్లో వేసుకున్నాను. ఒక్క పప్పుతో రుజువు సరిపోలేదు. గుప్పెడు తిన్నాక గాని నాకు నమ్మకం కుదరలేదు. అంతలో ఉయ్యాలలో పిల్లవాడు ఏడ్చాడు. పరుగెత్తి ఎత్తుకొని, ఊరుకోబెట్టడానికి చెంప మీద గట్టిగా ముద్దు పెట్టాను.

కాసేపటికి నా మీసాలు రాసుకున్న చోటే, సరిగ్గా మీసాల వెడల్పునే, దద్దుర్లు లేచాయి.

"చెల్లెమ్మా! ఏం పెట్టినవ్ పిల్లగానికి?" అని అరిచాను.

ఆమె తడి చేతులతో ఉరికి వచ్చింది. "నేనింక జావే దింపలే! మీరేం బెట్టినరు?"

"నేనా? నేనేం పెట్టలే. ముద్దు పెట్టుకున్న."

ఆమె నా మొహంలోకి చూసింది. మీసంలో ఇరుక్కున్న పలుకు ఆమెకు కనబడింది.

"ఆ డబ్బాలయి తిన్నరా?"

తల ఊపాను.

ఆమె పిల్లవాడి చెంప కడిగింది, సిరప్ పోసింది, వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఊపిరి ఎట్లా ఆడుతోందో చూసింది. ఆటో పిలవమని నన్ను గదిమింది. దవాఖానాకు ఉరికాం. డాక్టరమ్మ చూసి, చాలాసేపు అక్కడే ఉంచుకొని, దద్దుర్లు అణిగాక పంపింది. అప్పుడు వియ్యపురాలు బెంచీ మీద కూలబడింది.

"గవి సొన లేని పప్పులే అన్నయ్యా. నేనే ఏంచిన. ఇయ్యాల జర్రంత కలిపి చూద్దామనుకున్న."

పళ్ల సందుల్లో ఇంకా జీడిపప్పు ఉన్నవాడు ఏమంటాడు?

ఇంటికి చేరగానే ఆమె డబ్బాను నా సంచిలో కుక్కింది. మిక్సీ జార్ తోమింది, నచ్చక మళ్లీ తోమింది. పక్కింటి కిరాణా సాహెబు భార్యతో గోడ మీదుగా "ఆపా, పండుగకు మా పిల్లగానికి మీ షీర్ ఖుర్మా వద్దు, చేతికి గూడ ఇయ్యొద్దు, పిస్తా ఉంటది" అని గట్టిగా చెప్పింది. సాయంత్రం అమ్మాయి వస్తే జరిగిందంతా తనే చెప్పింది, డబ్బా సంగతితో సహా. అమ్మాయి అత్తగారి వైపు చూసింది, నా వైపు చూసింది, మరునాడు కనిపెట్టుకొని ఉండమని ఎవరికీ చెప్పకుండానే బడికి వెళ్లింది.

నేనూ సంచి తీసుకున్నాను. బస్సుకు ముందు మనవణ్ణి ఎత్తుకోబోతే వియ్యపురాలు అడ్డం వచ్చి, సబ్బూ చెంబూ నా ముందు పెట్టింది. చేతులు కడిగాను. నోరు పుక్కిలించాను. మీసాలకు సబ్బు పట్టించి కడిగాను.

"ఇంగోసారి" అన్నది.