ఎదురుకాళ్ళ పిల్ల

మా పదో తరగతి ఫోను గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా ఈ కథ పైకి తేలుతుంది. ఏలూరులో మా హైస్కూలు గ్రౌండులో ఖోఖో ఆడుతూ నాకు నడుం పట్టేసిందట. నేను భోరుమని ఏడ్చానట. ఎదురుకాళ్ళతో పుట్టిన మా స్నేహితురాలు ఒక్క తన్ను తన్నేసరికి దిగ్గున లేచి, తాడేపల్లిగూడెం వెళ్ళి కప్పు గెలుచుకొచ్చానట. పాపం, జట్టులో తనకు రావలసిన చోటు ఆవిడ నాకు త్యాగం చేసిందట. చెప్పిన ప్రతిసారీ కింద వరుసగా దణ్ణాల బొమ్మలు పడతాయి. నాకు కాదు, ఆవిడకి.

ఇందులో నిజం నడుం పట్టేయడం ఒక్కటే. నేను ఏడవలేదు. తన్నింది ఒకసారి కాదు, మూడు రోజులు. కప్పు తేలేదు, తెచ్చింది స్టీలు గ్లాసు, అదీ ఓడిపోయిన జట్లన్నిటికీ ఇచ్చారు. ఇక త్యాగం సంగతి. నా పేచీ అంతా దాని మీదే.

నడుం పట్టింది ఖోఖోలో కూడా కాదు. ఈ ఒక్క విషయంలో వాళ్ళ అబద్ధమే నాకు గౌరవంగా ఉంది కానీ, మొదలుపెట్టాక నిజం చెప్పక తప్పదు. ఆ ఏడు మా బడికి రుమాలు పిచ్చి పట్టింది. అంతకుముందు రెండు జడలకి రెండు రంగుల రిబ్బన్లు కట్టుకునే పిచ్చి, దానికి ముందు చిటికెనవేలికి మాత్రమే గోళ్ళరంగు వేసుకునే పిచ్చి వచ్చి పోయాయి. ఈసారిది ఒళ్ళు వంచే పిచ్చి. వెనక్కి విల్లులా వంగి, నేలమీదున్న రుమాలుని పళ్ళతో అందుకుని లేవాలి. దీన్ని నేనే మొదలుపెట్టానని అంటారు. నేను రెండోదాన్ని. పదకొండుసార్లు తీశాను. పన్నెండోసారి రుమాలు నోట్లోకి వచ్చింది, నేను పైకి రాలేదు. నోట్లో గుడ్డ ఉంది కాబట్టి అరవడానికి లేదు. రికార్డు కోసం ఆగాననుకుని చుట్టూ ఉన్నవాళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టారు. యాభై దాటాక ఎవరికో అనుమానం వచ్చింది.

అది సోమవారం. ఆ గురువారమే తాడేపల్లిగూడెంలో బడుల మధ్య ఖోఖో పోటీ. పన్నెండుమందిమి వెళ్ళాలి. ఆడేది తొమ్మండుగురు, బయట కూర్చునేది ముగ్గురు. నేను తొమ్మిదిలో ఉన్నాను. ఎనిమిదో తరగతి నించీ దానికోసమే పరిగెత్తాను. బయట కూర్చునేవాళ్ళలో మొదటిది మా క్లాసు అమ్మాయే. కొల్లేటి లంకల్లో వాళ్ళ ఊరు, వాళ్ళ నాన్న చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాడు. ఆ పిల్ల మా ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకునేది. చెరువుగట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగి తిరిగి దాని మడమలు ఇటుకల్లా ఉండేవి. తొమ్మిదిలో ఎవరు పడినా ఆడేది అదే. అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

మా డ్రిల్లు మాష్టారికి వైద్యం మీద గట్టి అభిప్రాయాలుండేవి. మర్నాడు పొద్దున అసెంబ్లీలో ప్రతిజ్ఞ అయిపోగానే ఆయన మైకు పుచ్చుకున్నారు.

"ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల ఎవరైనా ఉంటే చెయ్యెత్తండే."

కడుపులోంచి తల కాకుండా కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మావైపు నమ్మకం. ఇంట్లో అందరూ నమ్ముతారు, మైకులో ఎవరూ అడగరు. పక్కనే ఉన్న హెడ్మిస్ట్రెస్ గారు ఫిజిక్సు చదివిన మనిషి, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. రెండు వైపుల నించీ ఆవిడకి నచ్చలేదు. "మాష్టారూ, ఇది బడండీ" అన్నారు మెల్లగా. మైకు ఆపలేదు కాబట్టి అదీ అందరికీ వినిపించింది.

ఆరువందల మంది ఆడపిల్లల్లో ఒక్క చెయ్యి లేచింది. కొల్లేటి పిల్లది.

విషయం తెలిసి మా అమ్మ చాప పట్టుకుని వచ్చింది, షరతులు కూడా తెచ్చింది. మూడు రోజులు తొక్కాలి, ఎడమకాలితో తొక్కాలి, తొక్కేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఈ మూడో షరతు నాకోసమే పెట్టిందని ఇప్పటికీ నా అనుమానం. స్టేజీ వెనక చాప పరిచారు. జీడిపిక్కలా వంగిపోయిన నన్ను నలుగురు పట్టుకుని బోర్లా పడుకోబెట్టారు. తీరా చూస్తే ఆ పిల్ల వేణ్ణీళ్ళు కాగాయా లేదా అని చూసేవాళ్ళలాగా బొటనవేలు తాకించి తీసేసింది. అంతే. బుధవారమూ అంతే.

ఈలోగా బడిలో రుమాలు పిచ్చి పోయి తొక్కుడు పిచ్చి వచ్చింది. మంగళవారం మధ్యాహ్నానికి తొమ్మిదో తరగతిలో ఇద్దరికి నడుం పట్టేసింది. బుధవారానికి మెడ పట్టినవాళ్ళు, పిక్క పట్టినవాళ్ళు, లెక్కల పరీక్షంటే గుండె పట్టినవాళ్ళు కుళాయిల దగ్గర వరసలో నిలబడ్డారు. ఆ పిల్ల అందరినీ శ్రద్ధగా తొక్కింది. వాళ్ళని మాత్రం పాదమంతా ఆనించి తొక్కింది. నేను చూశాను. గోడకి జారబడి, వంగినదాన్ని వంగినట్టే ఉండి, ప్రతి తొక్కూ చూశాను.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని గదిలోకి పిలిపించారు. తిట్టడానికే అనుకున్నాం. తలుపు వేసుకున్నారు. పది నిమిషాల తరవాత, ఎప్పుడూ కాస్త వంగి నడిచే మేడంగారు నిటారుగా బయటికొచ్చారు. ఫిజిక్సు గురించి ఆ ఏడాదంతా మాకు ఏ అనుమానమూ అడిగే ధైర్యం లేకపోయింది.

నాకు ఒళ్ళు మండింది. కుళాయిల దగ్గర అందరూ వింటుండగానే అడిగాను.

"నన్ను మాత్రం ఎందుకే గోరుతో గీకుతున్నావ్? నేను పడుంటే నా ప్లేసు నీకొస్తుందనేగా?"

అది మొహం కడుక్కుంటోంది. కడుక్కోవడం ఆపి, నా వైపు చూసి, మళ్ళీ కడుక్కుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "అంత మాటెందుకే" అన్నారు. ఎందుకనకూడదు? నేను అన్నదాంట్లో తప్పేముంది? ఇంకొక్క పొద్దు నేను వంగి ఉంటే చాలు, తాడేపల్లిగూడెంలో ఆడేది అది.

గురువారం తెల్లారి, బస్సెక్కే ముందు, మళ్ళీ చాప వేశారు. ఎడమకాలి బొటనవేలి కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను. ఆ ఇటుక మడమ అంతెత్తునించి వచ్చి నా నడుం మీద దిగింది. లోపల ఎక్కడో కటుక్కుమంది. మాట్లాడకూడదన్న షరతు నేనే తప్పాను. ఏమన్నానో ఇక్కడ రాయను, మా అమ్మ అయితే చెవులు మూసుకుంది. అరుస్తూనే లేచాను. లేచి నిలబడి, నిటారుగా నిలబడి, ఇంకా అరుస్తున్నాను. డ్రిల్లు మాష్టారు విజిలేసి "ఎక్కండే బస్సు" అన్నారు.

తాడేపల్లిగూడెంలో ఆడింది నేనే. ఖోఖోలో వెనకనించి వీపు తట్టి "ఖో" అంటేనే కూర్చున్నవాళ్ళు లేవాలి. అనకముందే లేచాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మూడు రోజులు వంగి ఉన్నదానికి లేవడమంటే ఎంత ఆత్రంగా ఉంటుందో అంపైరుకి ఏం తెలుసు. మొదటి ఆటకే ఓడిపోయాం. గ్లూకోజు నీళ్ళ బిందె దగ్గర నిమ్మచెక్కలు పట్టుకుని కూర్చున్న ఆ పిల్ల నా పులిహోర కూడా తినేసి, తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయింది.

ఇన్నేళ్ళూ నా లెక్క నాకుంది. నేనన్న మాటకి రోషం వచ్చి తన్నింది, ఆ రోషం నాకు పనికొచ్చింది. త్యాగం ఎక్కడుంది ఇందులో?

కిందటి నెల ఆ పిల్ల వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. ఏలూరులోనే కట్టుకున్నారు. భోజనాలయ్యాక వాళ్ళమ్మగారి పక్కన కూర్చుని, మీ ఎదురుకాళ్ళ పిల్ల వల్లే ఈ నడుం ఇలా నిలబడిందండీ అన్నాను, మర్యాదకి. ఆవిడ బోసినోటితో నవ్వారు.

"ఎదురుకాళ్ళా? ఇదా? దీనికి తలే ముందొచ్చిందమ్మా, ఏ గొడవా లేదు. ఎదురుకాళ్ళు మా పెద్దోడివి."

ఆవిడ గారాల కూతురు అప్పుడే కాఫీ తెచ్చింది. తల్లి మాట విన్నది. నా మొహం చూసింది. గ్లాసు నా చేతిలో పెట్టి, "చల్లారిపోద్ది, తాగు" అని వంటింట్లోకి పోయింది. వెనకాలే వెళ్ళాను. చుట్టాలు, గిన్నెలు, గోల. అడగనివ్వలేదు.

అప్పటినించీ నా లెక్క కుదరడం లేదు. దానికి నా చోటే కావాలనుకుంటే అసెంబ్లీలో చెయ్యి ఎత్తకుండా ఊరుకుంటే సరిపోయేది. ఆరువందల మందిలో ఇంకెవరూ ఎత్తలేదు. నన్ను లేపాలనుకుంటే రెండు రోజులు బొటనవేలితో ఆడుకోవడమెందుకు? దాని కాళ్ళలో ఏ మహిమా లేదని దానికి ముందే తెలుసు. తెలిసే ఎత్తింది. తెలిసే అంత ఎత్తునించి దిగింది.

గ్రూపులో దణ్ణాల బొమ్మలు పెట్టేవాళ్ళని అడిగి లాభం లేదు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఏమే, ఆ గురువారం పొద్దున నువ్వు తన్నింది నన్ను లేపడానికా, లేవకుండా చెయ్యడానికా?