తడిమితే తెలిసే చద్దర్లు

అది 2022 వానాకాలం. షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర ఒక సాంచెల షెడ్డు మీద రేకుల గదిలో నా పని నడుస్తుండె. సాంచె అంటే పవర్‌లూమ్. కింద సాంచెలు ఆడుతుంటే పైన నా టేబుల్, కంప్యూటర్, గ్లాసులో నీళ్లు, అన్నీ సన్నగా వణుకుతుంటయి. కొత్తగా వచ్చినవాళ్లు గోడకు చెయ్యి ఆనించి నిలబడతరు. నాకు ఆ వణుకు లేకపోతేనే ఏదో తక్కువైనట్టు ఉంటది.

నేను జకార్డ్ డిజైనర్‌ని. జకార్డ్ అనేది మగ్గం మీద కూర్చునే యంత్రం. ఏ పోగు లేవాలె, ఏ పోగు కిందనే ఉండాలె అని మగ్గానికి అదే చెప్తది. మా తాతల కాలంలో అట్టల మీద రంధ్రాలు కొట్టి డిజైన్ ఎక్కించేటోళ్లు. ఇప్పుడు కొన్ని షెడ్లలో ఎలక్ట్రానిక్ జకార్డ్‌లు వచ్చినయి, కంప్యూటర్‌లో తయారుచేసి పెన్ డ్రైవ్‌లో ఇస్తే చాలు. బొమ్మ గీయడం సగం పనే. అది దారంలోకి ఎట్ల దిగాలో తేల్చుడే అసలు పని. నాకు జీతమిచ్చే కంపెనీ లేదు. డిజైన్ కావాల్సిన షెడ్డువాళ్లు మెట్లెక్కి వస్తరు, చేయించుకుంటరు, పోతరు.

అంతకుముందు పుణెలో ఒక పెద్ద బట్టల కంపెనీలో కొన్నేండ్లు చేసిన. చేరినప్పుడు రోజంతా డిజైన్లు గీసేదాన్ని. ప్రమోషన్ వచ్చినకొద్దీ గీసుడు తగ్గింది, మీటింగులు పెరిగినయి. ఆఖరికి వేరేవాళ్లు గీసినవాటికి మార్పులు చెప్పుడే నా పని అయింది. నేను చేసినయి ఎవరి ఇంట్లో పరుచుకుంటున్నరో, అసలు మగ్గం దాకా పోయినయో లేదో కూడా తెలిసేది కాదు. రాజీనామా ఇస్తుంటే మా మేనేజర్, ఇంకొంచెం ఓపిక పడితే నా కుర్చీ నీదే కదా అన్నడు. ఆ కుర్చీలో కూర్చున్నంక డిజైన్ గీయనిస్తరా అని అడిగిన. ఆయన నవ్విండు. ఆ నవ్వే నాకు జవాబు.

జోడ్‌భావి పేట్‌లో మా ఇంట్లో మాత్రం నవ్వు లేదు. మా బాపు జీవితమంతా సాంచెల మీద నిలబడ్డ మనిషి. ఆ మోతకు చెవులు దాదాపు పోయినయి. నేను పెట్టెతో తిరిగొచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. "బిడ్డా, ఈ మోతల నా చెవులు పోగొట్టుకున్న. నిన్ను చదివించింది మల్ల ఈ మోతలకే రానీకా?" అన్నడు. అయినా పోయి గది కిరాయికి తీసుకున్న.

యశోద టీచర్ వచ్చింది ఆ గదికే. మెట్ల మీద ముందు తెల్లకట్టె కనబడ్డది, దాని వెనక మనిషి. చిన్నప్పటి నుంచి ఆమెకు చూపు లేదు. వాళ్లమ్మ కొంతం చౌక్ దగ్గర బీడీలు చుట్టి చదివిస్తే, టీచరై, చూపులేని ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్ అయింది. ఒక్కతే వచ్చింది. ఎవరన్నా తోడు రావాల్సింది కదా అంటే, తోడు వస్తే వాళ్లే మాట్లాడతరు, నన్ను మాట్లాడనీయరు అన్నది.

ఆమె చెప్పిన సంగతి ఇది. హాస్టల్‌లో పిల్లలందరికీ ఒకే రకం చద్దర్లు. ఉతుకుడుకు పోయి వచ్చినంక ఎవరిది ఎవరికి వస్తదో తెలియదు. చూపున్న ఆయా చేతికి అందింది అందించి పోతది. అన్నీ ఒక్కతీరే కదా, ఏదైతే ఏంది అంటది. కానీ పిల్లలకు ఏదైతే ఏంది కాదు. ఇంటికి దూరంగా ఉండే పిల్లకు తన పక్క తనది కావాలె. బట్టముక్కలు కుట్టి చూసిండ్రు, ఉతికినప్పుడు ఊడిపోయినయి. పిన్నులు పెట్టిండ్రు, గుచ్చుకున్నయి. చేతితో పట్టుకుంటే తెలిసే గుర్తు నేతలోనే వేసిస్తరా అని టీచర్ బజారంతా తిరిగింది. ఒక వ్యాపారి, "కండ్లు లేనోళ్లకు డిజైన్ ఎందుకమ్మా? ప్లెయిన్ తీస్కపో, సస్తల వస్తది" అన్నడట.

ఆ మాట ఆమె కోపం లేకుండనే చెప్పింది. నాకే ఒళ్లు మండింది. టేబుల్ మీద నేను డిజైన్ చేసిన చద్దరు ఒకటి ఉంటే, చూడండి టీచర్ అని ఆమె చేతికిచ్చిన. చూడండి అన్నందుకు నాలుక కరుచుకున్న. ఆమె రెండు చేతులతో అంతా తడిమింది.

"ఇందుల ఏమున్నది?"

"నెమలి."

"నాకైతే దుప్పటే దొరికింది. నెమలి దొరకలే." చద్దరును మడిచి నా చేతిలో పెట్టి మళ్లీ అన్నది. "మాకు డిజైన్ వద్దని ఎవరు చెప్పిండ్రు? మా చేతికి అందేటట్టు ఎవరూ చెయ్యలే, అంతే."

ఆ పని నేను చేస్త అని అక్కడికక్కడే చెప్పిన. ఎట్ల చేయాలో నాకు అప్పటికి తెలియదు.

షోలాపూర్ చద్దరు రెండు పొరల నేత. పైపొర ఎరుపు, కిందిపొర తెలుపు అనుకోండి. డిజైన్ కావాల్సిన చోట పొరలు తారుమారైతయి, తెలుపు పైకొస్తది. కంటికి నెమలి కనిపిస్తది గానీ చేతికి అంతా చదునే. చేతికి తగలాలంటే ఆ చోట ఉబ్బాలె. అందుకు రెండు పొరల మధ్యన లావు దారం ఒకటి నడిపించాలె. దీన్ని వాడింగ్ అంటరు. గుర్తు ఉన్నచోట పొరలను వదులుగా వదిలి, చుట్టూతా దగ్గర దగ్గరగా కలిపి బిగించాలె. ఆ బిగింపు పేరు బైండింగ్. అప్పుడు వదిలిన చోట దారం పొంగి బయటికి తన్నుతది. చద్దరు ఒక అంచుకు జానెడు మేర ఇట్ల చేస్తే చాలు.

కాగితం మీద సులువే. కానీ ఏ షెడ్డు యజమాని ఒప్పుకుంటడు? ఒక్కో పిల్లకు ఒక్కో గుర్తు, ప్రతి చద్దరుకు సాంచె ఆపాలె, లావు దారం చుట్టిన కండె మార్చాలె. అడిగినవాళ్లందరూ తల అడ్డంగా ఊపిండ్రు. ఒకాయన, పెద్ద ఉద్యోగం వదిలి వచ్చింది ఈ ఆటలకా అని నా ముందే అన్నడు. ఆఖరికి కింది షెడ్డు నర్సయ్య మామ ఒప్పుకున్నడు. నా గది ఆయనదే. పాపం అని చేస్తున్నవా మామా అంటే, "పాపమేంది? రోజూ అదే పువ్వు నేసి నేసి నాకు యాష్టకొచ్చింది. కొత్త పని చేద్దాం పా" అన్నడు.

మొదటి మచ్చుకు చిలుక, మామిడికాయ, పువ్వు వేసిన. మంచిగానే ఉబ్బినయి. సంబరంగా హాస్టల్‌కు తీసుకపోయిన. రేణుక అని ఒక పిల్ల ఉండె, పెద్ద తరగతిలో చదివేది, అందరికంటే నోరు గలది. చిలుక ఆమె చేతికి ఇచ్చిన. వేళ్లు పైనుంచి కిందికి పోయినయి, మళ్లీ వచ్చినయి. ఇదేంది అన్నది. చిలుక అన్న.

"చిలుకను నేను పట్టుకున్న. అది వెచ్చగ ఉంటది, గోళ్లు గుచ్చుతయి. ఇది చిలుక కాదు. గడ్డలు గడ్డలుగ ఉన్నది."

పిల్లలంతా నవ్విండ్రు. యశోద టీచర్ కూడా నవ్వు ఆపుకోలేదు. నాకు ముఖం వేడెక్కింది, కానీ ఆ పిల్ల అన్నది నిజం. నేను వేసింది కన్ను చూసే గీత. చిలుకను దూరం నుంచి చూసినవాళ్లకే ఆ గీత చిలుక అయితది. చేతికి అది అర్థం లేని గుట్ట.

మచ్చు చద్దరు పక్కన పెట్టి నేల మీద కూర్చున్న. మీ గుర్తు ఏముంటే బాగుంటదో మీరే చెప్పండి అన్న. ఇగ మొదలైంది. ఒక పిల్లకు దువ్వెన పండ్లు కావాలె. ఇంకొకామెకు తను రోజూ నిలబడే కిటికీ ఊచలు. పేరే బ్రెయిలీలో వేస్తే పోదా అని ఒక ఆయా అంటే, పేరు హాజరీకి ఉన్నది కదా, ఇది నా పక్కకు అన్నది ఇంకో పిల్ల. రేణుక నా చెయ్యి పట్టుకుని అరచేతిలో వేలితో గీసింది. నడుమ ఒక లావు గీత, దానికి రెండు పక్కల సన్నటివి. "తునికాకు" అన్నది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆకులు తడుముకుంట పెరిగిందట. హాస్టల్‌కు వచ్చినంక ఆ ఆకు మళ్లీ చేతికి దొరకలేదు.

ఆ పిల్లల దగ్గర ఆ ఒక్క పూటలో నేర్చుకున్నది కంపెనీలో అన్నేండ్లకు నేర్చుకోలేదు.

కొత్త గుర్తులు నేసినం. ఉతికి చూస్తే అన్నీ అణిగిపోయినయి. వదులుగా వడికిన లావు దారం నీళ్లు తాగి చప్పబడ్డది. నర్సయ్య మామ, నేను రకరకాల దారాలు మార్చి చూసినం. గట్టిగా మెలిపెట్టిన పురి దారం వేసినంకనే గుర్తు ఉతుకుడుకు నిలిచింది.

సరిగ్గా అప్పుడే మా పాత మేనేజర్ వేరే పని మీద షోలాపూర్ వచ్చి, నన్ను కూడా పలకరించి పోదామని మెట్లెక్కిండు. గోడకు వేలాడుతున్న మచ్చును మళ్లీ మళ్లీ తడిమి చూసి పోయిండు. నాలుగు రోజులకు ఫోన్ చేసిండు. డిజైన్ హెడ్‌గా రమ్మన్నడు. ఈ ఉబ్బు నేతను పెద్ద హోటళ్లకు అమ్మే కొత్త రకంగా తెస్తరట. డిజైన్ కంపెనీది అయితది, బయటి పనులు నేను చేయొద్దు. మరి హాస్టల్ పిల్లల చద్దర్లు అంటే, వాళ్లకు కంపెనీ తరఫున మంచి ప్లెయిన్ చద్దర్లు దానం చేద్దాం, ఫొటోలు కూడా దిగొచ్చు అన్నడు. ఆయన మంచి మనసుతోనే అన్నడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకున్నది.

ఈ సంగతి ఇంట్లో తెలిసింది. బాపు జీవితంలో మొదటిసారి నా గదికి వచ్చిండు. నా సంతకానికి మేనేజర్ కాయితాలతో వచ్చే రోజే వచ్చి కూర్చున్నడు. దేవుడు రెండోసారి తలుపు కొట్టిండు, తియ్యి బిడ్డా అని బతిమాలిండు. బాపుకు వినిపించాలంటే గట్టిగా అరవాలె. కింద సాంచెలు ఆడుతున్నయి. అందుకే నేను చెప్పింది షెడ్డంతా విన్నది. "నేను పోను బాపు. నువ్వు బతుకుదెరువు కోసం ఈ మోత భరించినవ్. నేను కావాలని వచ్చిన. రెండూ ఒకటి కాదు."

బాపు నన్ను చూసి, తల తిప్పుకుని మెట్లు దిగి పోయిండు.

మేనేజర్ వచ్చినంక ఒక్క మాటే అడిగిన. ఒక పిల్ల కోసం ఒక్క చద్దరు నేయాలంటే మీ దగ్గర కుదురుతదా అని. కంపెనీ అట్ల నడవదు అన్నడు.

"నేను అట్లనే నడుస్త సార్" అన్న.

ఆయన కాయితాలు సంచిలో పెట్టుకున్నడు. నేను పొగరుగా మాట్లాడిన అని తర్వాత ఎవరితోనో అన్నడట. అన్నది నిజమే. ఆ పూట నాకు పొగరే ఉండె, ఇప్పటికీ దిగలేదు.

చద్దర్లు తయారైనంక హాస్టల్‌కు చేర్చేటందుకు ఆటో పిలిచిన. మూటలు దించుతుంటే బాపు వచ్చి ఒక మూట భుజాన వేసుకున్నడు. నాతోని మాట్లాడుడు మానేసి అప్పటికి చాన రోజులైంది. దానితోనే ఆటో ఎక్కిండు. ముందే ఒకసారి ఉతికిచ్చి ఇస్తనని టీచర్‌కు మాటిచ్చిన, అట్లనే ఉతికించి తెచ్చినం. అన్నీ హాస్టల్ గదిలో గుట్టగా పోసిన. ఆయాను దూరంగా నిలబడమన్నది టీచర్. పిల్లలు వచ్చి గుట్ట చుట్టూ కూర్చున్నరు. అంచులు తడుముకుంట, ఇది నాది, ఇది నీది అని ఒకరికొకరు అందించుకున్నరు. రేణుకకు తన ఆకు దొరికింది. చద్దరును మడిచి ఒళ్లో పెట్టుకుని, ఈనె మీద బొటనవేలు ఆడించుకుంట కూర్చుంది.

బాపు పోయి రేణుక పక్కన కూర్చున్నడు. ఎవరో వచ్చిండ్రని తెలిసి ఆమె ఆ అంచును ఆయన చేతికి అందించింది. బాపు కండ్లద్దాలు పైకి జరిపి, నేతగాడు చూసినట్టు వెనకా ముందూ తిప్పి చూసిండు. వేలితో నొక్కిండు. తర్వాత నా దిక్కు తిరిగిండు.

"ఈ మూలకు బైండింగ్ ఒదులైంది. వచ్చేసారికి బిగువుగ పెట్టు" అన్నడు.

వచ్చేసారికి అన్నడు. నాకు అది చాలు.

తర్వాత ఆ పని నోటి మాటగా పాకింది. మతిమరుపు వచ్చిన ముసలివాళ్లను చూసుకునే ఒక ఇంటివాళ్లు వచ్చిండ్రు, వేరే ఊరి హాస్టల్ వాళ్లు వచ్చిండ్రు. పేటలో బీడీలు చుట్టే ఇండ్ల నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి నా పక్కన డిజైన్ నేర్చుకుంటున్నరు. పని లేక ఖాళీగా కూర్చున్న నెలలూ ఉన్నయి. మా దగ్గరి చుట్టాలు ఇప్పటికీ పెండ్లిళ్లలో, మంచి నౌకరీ ఏదన్నా చూస్కో అంటరు. ఇదే నా నౌకరీ అని చెప్త. వాళ్లు నమ్మరు. నమ్మించే పని నేను మానేసిన.

సొంతంగా పని చేసుకుంటే స్వేచ్ఛ ఉంటది అని చాన మంది చెప్తరు. ఆ స్వేచ్ఛ సంగతి నాకు పెద్దగా తెలియదు, పని ఇచ్చినవాళ్లకు ఎప్పుడూ జవాబు చెప్పుకుంటనే ఉన్న. ఆ పనితో నేను నేర్చుకున్నది వేరే. కంపెనీలో నా డిజైన్ తప్పైతే ఆ తప్పు పదిమంది మధ్యన కలిసిపోయేది, నాదాకా వచ్చేది కాదు. ఇక్కడ తప్పైతే ఎవరి కోసం చేసిననో వాళ్లే నా ముందట కూర్చుని, ఇది కాదు అని చెప్తరు. ఆ మాట నాకు నేరుగా రావాలె. ఏ పెద్ద కుర్చీ ఇచ్చినా ఆ మాట వినబడనంత దూరం నేను పోను.