లెక్కపెట్టిన ఊపిర్లు

అత్యవసర ఫోన్ల గదిలో అందరూ ఆమెను చల్లమ్మ అంటారు. అవతల కొంపలంటుకుంటున్నా ఇవతల ఆమె గొంతు రవ్వంత పెరగదని. మనిషికి స్పృహ ఉందో లేదో పదకొండేళ్లుగా ఫోన్లోనే తేలుస్తోంది. పిలిస్తే పలుకుతున్నారా, గిల్లితే కదులుతున్నారా అని అడుగుతుంది. ఉలుకూ పలుకూ లేదంటే, మనిషి ఊపిరి తీసిన ప్రతిసారీ "ఇప్పుడు" అనమంటుంది. కళ్లు ఎవరివో, నిర్ణయం ఈవిడది. దిక్కుమాలిన ఉద్యోగం.

ఒక సోమవారం మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. భర్త వంటగదిలో పడిపోయాడు, పలకడం లేదు. చల్లమ్మ ఊపిరి లెక్కపెట్టమంది. ఆవిడ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, ఇప్పుడు, ఇప్పుడు అంటూ ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఊపిరి ఆడుతోందని రాసుకుని, ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టమంది చల్లమ్మ. ఊపిరి ఆగినవాళ్లకు చెప్పినట్టు ఛాతీ నొక్కమని చెప్పలేదు. అంబులెన్సు వెళ్లేసరికి ఆయన ఎప్పుడో పోయాడు.

మర్నాడు ఆఫీసరు ఆ ఫోన్ రికార్డింగ్ వినిపించాడు. ప్రతి "ఇప్పుడు"కీ ముందు ఆవిడ రొప్పే చప్పుడు. పాపం, తన ఊపిరినే లెక్కపెట్టుకుంది. రూల్సు ప్రకారం నీ తప్పేం లేదులే అన్నాడు ఆఫీసరు. లేకపోవడమేమిటి? ఇన్నేళ్లలో ఇలాంటి "ఇప్పుడు"లు ఎన్ని నమ్మిందో, ఎంతమంది పోయారో ఎవరు చెప్పాలి?

పదిహేను రోజులకు ఆవిడే ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. ఆయన పడ్డ కాసేపటికే పోయాడని డాక్టరు అంటున్నాడట, అదెలా కుదురుతుందని అడిగింది.

"మీరు విన్నారుగా. నేను సరిగ్గానే చెప్పాను కదమ్మా?"

నిజం చెబితే ఈ మనిషి బతికినన్నాళ్లూ కుమిలిపోతుంది.

"సరిగ్గానే చెప్పారండీ," అంది చల్లమ్మ.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకు మనసు కుదుటపడిందంది. మరిదికీ గుండెజబ్బేనట, తోడికోడలికి కూడా ఇదే నేర్పుతానంది. పక్కన కూర్చుని, చెయ్యి వేసి, అచ్చం తనలాగే లెక్కపెట్టమని చెబుతుందట.

చల్లమ్మ కళ్ల ముందు ఇంకో వంటగది, ఇంకో మనిషి.

"అలా కాదమ్మా," అంది. గొంతు వణికింది. "ముందు ఆమెను తన ఊపిరి బిగబట్టమనండి. అప్పుడు చేతికింద కదలిక తెలియకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. లేకపోతే తన ఊపిరే ఆయనదనుకుంటుంది."

ఆవిడ తలూపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. చాలాసేపు తన అరచేతినే చూసుకుంది.

"మరి ఆవేళ నన్నెందుకు బిగబట్టమనలేదు?" అని అడిగింది.