ఎండలో బట్టల తీగ

కర్టెన్లు కుట్టే ఆవిడకు కరెంటంటే భయం. చిన్నప్పుడు తడిచేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని విసురుగా గోడకు కొట్టుకున్న రోజున ఒంట్లో కాపురం పెట్టిన భయమది, ఇప్పటికీ ఖాళీ చెయ్యలేదు. అందరి మిషన్లకూ మోటార్లొచ్చినా ఆవిడ కాళ్లతో తొక్కుతూనే కుట్టేది. కత్తెర, సుద్దముక్క, సూదులు దాచుకునే రేకుడబ్బాలో ఒక టెస్టరూ ఉండేది. ఇస్త్రీపెట్టెకు అది ఆనించి, దాని పిడిలోని బుల్లి దీపం వెలగలేదని చూసుకున్నాకే చెయ్యి వేసేది. ఆడపడుచు ఆవిడకు షాకులమ్మ అని పేరు పెట్టింది. పేరు నిలిచిపోయింది.

అలాంటి ఆవిడ ఉన్న ఇంటి డాబా మీద భర్త సోలార్ పలకలు పెట్టించాడు. కింద షెడ్డులో కరెంటు కారుకు ఛార్జర్ బిగించాడు. మందుల షాపులకు సరుకు వేసే ఆయనకు ఆ కారే బతుకు. మధ్యాహ్నం ఎండకు ఛార్జింగు పెట్టి, సాయంత్రం తిరుగుడుకు బయల్దేరేవాడు. పలకలు బిగించడానికి వచ్చిన మెకానిక్ ఒక మాట చెప్పాడు: కింద ఏ స్విచ్చి ఆపినా, ఎండ ఉన్నంతసేపూ పైన తీగల్లో కరెంటు ఉంటుందని. అందరూ పలకల పక్కన ఫొటోలు దిగుతున్నారు. ఆ మాట విన్నది ఆవిడొక్కతే. విన్న దగ్గర్నుంచీ డాబా ఎక్కడమంటే గుండె దడ.

ఆయన మాత్రం పలకల స్టాండు ఏనుగును కట్టినా కదలదని మురిసిపోయి, దానికే బట్టలారేసుకునే ఇనప తీగ ఒకటి కట్టాడు.

ఒకనాడు మధ్యాహ్నం ఆవిడ తడి దుప్పటి ఆరెయ్యబోతే వేళ్లు జివ్వుమన్నాయి. దుప్పటి అక్కడే జారవిడిచి కిందికి వచ్చిపడింది. జరిగింది చెబితే ఆయన నవ్వాడు. బల్బు కేసి చూసినా నీకు జివ్వుమంటుంది కదా అన్నాడు. అయినా ఆవిడ తృప్తి కోసం మెయిన్ ఆపాడు. ఛార్జర్ మీది పచ్చదీపం ఆరిపోయింది.

"చూశావా, కారు దీపమే పోయింది. ఇంక పైనేముంటుంది, నీ మొహం? ఆ తీగ విప్పేసి వస్తా. కారుకు ఇంకా సగం ఛార్జింగు కూడా ఎక్కలేదు" అంటూ చెప్పులైనా లేకుండా మెట్లెక్కేశాడు.

ఆవిడకు మెకానిక్ మాట గుర్తొచ్చింది. పైన ఎండ నిప్పులు కురిపిస్తోంది. దుప్పటి నుంచి కారిన నీళ్లు తీగ కింద మడుగు కట్టి ఉంటాయి. రేకుడబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తింది. కేకెయ్యాలని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన మడుగులో నిలబడి చెయ్యి చాచాడు. వెనకనుంచి చొక్కా కాలరు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"ముట్టుకోకండి."

ఆయనకు కోపం వచ్చింది. తిట్టబోతుండగా ఆవిడ రబ్బరు చెప్పులతో పొడినేల మీద నిలబడి, టెస్టరు మొన తీగకు ఆనించింది. పిడిలో దీపం ఎర్రగా వెలిగింది.

"మెయిన్ ఆపాను కదే..." అన్నాడు ఆయన. నడిచి కాదు, కూర్చునే వెనక్కి జరుగుతూ మెట్ల దాకా వెళ్లాడు.

మెకానిక్ సాయంత్రం వచ్చాడు. బట్టల తీగ గాలికి ఊగి ఊగి, స్టాండు కింద పలకల తీగ తొడుగును రంపంలా కోసేసిందని చూపించాడు. అతను వచ్చేదాకా ఆవిడ డాబా తలుపుకు గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఆయన చొక్కా అంచు ఆవిడ గుప్పిట్లోనే ఉంది. విడిపించుకోవాలని ఆయనా చూడలేదు. ఆరోజు మందులు వెళ్లలేదు.

భయం తగ్గిందా అంటే, లేదు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరికి ఉంది. మధ్యాహ్నం కారుకు ఛార్జింగు పెట్టే ముందు ఆయన షెడ్డులోంచి పిలుస్తాడు.

"ఏమే, ఆ టెస్టరు ఓసారి ఇలా విసురు."

ఆవిడ విసరదు. మిషన్ ఆపి, కిందికి దిగి, చేతికే ఇస్తుంది. ఆయన చెయ్యి ఛార్జరు మీంచి తీసేదాకా అక్కణ్ణుంచి కదలదు.