డెల్మర్ గాడిద

యాభై దాటాక గాడిద పక్కన పరుగెత్తాలని వర్నాకి సరదా ఏమీ పుట్టలేదు. చలికాలంలో మొగుడు డెల్మర్ పోయాడు. మా కొలరాడో కొండల్లో ఏటా జరిగే పందెంలో అతనితో పరుగెత్తిన గాడిద డిప్పర్ అప్పటినుంచి కంచె దగ్గర రోడ్డుకేసి చూస్తూ నిలబడిపోయింది. మేత సరిగా ముట్టదు. వర్నా మాత్రం వేళకి తింది, వేళకి పడుకుంది. చర్చిలో శవపేటిక ముందు కూడా కంట తడి పెట్టలేదు. రాతిగుండె అని ఊరు చెవులు కొరుక్కుంది. ఆమెకి అదీ పట్టలేదు. ఏదీ పట్టడం లేదు.

"గాడిదని నా మందలో కలిపెయ్ అమ్మాయ్. తోడు లేక చిక్కిపోతోంది," అన్నాడు పక్కింటి ముసలి ఓరిన్. ఆయనా ఒకప్పటి పందెగాడే.

"పందెం దాకా ఆగు. నాతో చివరిదాకా వస్తే ఉంచుకుంటా. రాకపోతే తోలుకుపో."

"నువ్వు పరిగెడతావా? గేటు దాకా వెళ్ళొస్తేనే ఆయాసం నీకు."

"నేర్పుతావా, నేర్పవా?"

నేర్పాడు. పాతకాలపు బంగారం వేటగాళ్ళ గుర్తుగా పందెంలో ప్రతి గాడిదా మోయాల్సిన పికాసు, పార, బంగారం కడిగే పళ్ళెం జీను మీద కట్టడం తొందరగానే వచ్చింది. చిక్కంతా తాడు దగ్గరే. కొత్తవాళ్ళందరిలాగే వర్నా ముందు నడిచి లాగేది. లాగేకొద్దీ డిప్పర్ మొండికేసేది.

"ముందుకెళ్ళి ఈడిస్తే అదెందుకొస్తుంది? దాని భుజం వెనకాల ఉండు. దారి దానికి తెలుసు, నీకే తెలీదు," అని ఓరిన్ రోజూ తిట్టేవాడు.

పందెం రోజున సగం దారి బాగానే వచ్చారు. వాగు ఒడ్డున డిప్పర్ ఆగి, వెనక్కి తల తిప్పింది. తక్కిన గాడిదలన్నీ దాటిపోయాయి. వర్నా నేర్చుకున్నదంతా మరిచి, మోకాటి లోతు నీళ్ళలోకి దిగి తాడు లాగింది. అరచేతులు ఒరుసుకుపోయాయి గాని గాడిద కదల్లేదు. చివరికి ఒడ్డెక్కి, దాని భుజం వెనక నిలబడి, అది చూస్తున్న వైపే తనూ చూసింది. దారి ఖాళీగా ఉంది.

"ఆయన రాడురా," అంది. "చచ్చిపోయాడు."

ఆ ముక్క ఆమె అంతవరకు ఎవరితోనూ అనలేదు. గాడిదకి అర్థమైందని నేను చెప్పను, గాడిదల సంగతి నాకు తెలుసు. ఆమె ఒళ్ళంతా దాని మీద ఆనడంతో విసుగెత్తి ఉంటుంది. కాసేపటికి నీళ్ళలో కాలు పెట్టింది. పక్కనే వర్నా దిగింది. మంచు కరిగిన నీళ్ళు. ఇందాక తెలియని చలి ఇప్పుడు ఎముకలు కొరికింది. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే పరుగెత్తింది.

గమ్యం దగ్గర జనమంతా వెళ్ళిపోయారు. ఓరిన్ ఒక్కడే కంచె మీద కూర్చుని ఉన్నాడు. అందరికంటే ఆఖరున వచ్చినందుకు ఆటపట్టిద్దామని నోరు తెరిచి, ఆమె మొహం చూసి ఆగాడు.

"డెల్మర్ పోయాడు ఓరిన్," అంది వర్నా, అప్పుడే కబురు అందినట్టు.

"అవునమ్మా," అన్నాడాయన. డిప్పర్ తాడు కోసం చెయ్యి చాచలేదు.